ఒక గ్లాసు మురికి రాళ్ళు

ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికే రెండుసార్లు లేచాను. ఒకసారి కుళాయి కట్టానో లేదో చూడ్డానికి, ఇంకోసారి ఊరికే. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఆ మాట నా మొహం మీదే చెప్పిన మొదటి మనిషి పోయి పదిహేను రోజులైంది. ఆయనకి నేనొక అబద్ధం చెప్పాను. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆయన ఎదురుగా టీ తాగుతూ, ఇవాళ చెప్పేస్తాననుకుంటూ, చెప్పకుండానే గ్లాసు కడిగిపెట్టి వచ్చేశాను. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేడు. అందుకే ఈ లేవడం, కూర్చోవడం.

పేరు రాయను. మేమంతా బాబాయి అనేవాళ్ళం. మా దీవుల మధ్య తిరిగే ఫెర్రీ బోట్ల మీద సరంగుగా, అంటే డెక్కు మీద పనిచేసే ఖలాసీలకి పెద్దగా ఉండి రిటైరయ్యాడు. వాళ్ళ తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో వచ్చిన వాళ్ళు. ఇంతకు మించి ఆయన జీవితం నాకూ పెద్దగా తెలియదు. నాకు తెలిసింది ఆయన చేతులు.

మొదట చూసింది డెలానీపూర్‌లో మా ఆఫీసులో. పెన్షన్ కాగితం మీద సంతకం కోసం వచ్చాడు. సాబ్ మీటింగులో ఉన్నాడు, కూర్చోమన్నాను. నా బల్ల చివర ఒక చేపల తొట్టి ఉండేది. ఎవరో బదిలీ మీద వెళ్తూ ఆఫీసుకి ఇచ్చిపోయారు. వచ్చినవాడల్లా ఓ చిటికెడు మేత వేసేవాడే తప్ప దాని సంగతి పట్టించుకున్నవాడు లేడు. అడుగున రాళ్ళు నల్లబడి, మిగిలిన మేత కుళ్ళి, దగ్గరికి వెళ్తే ఓ రకం వాసన వచ్చేది. మేం కిటికీ తెరిచి సరిపెట్టుకునేవాళ్ళం.

ఆయన పది నిమిషాలు కూర్చున్నాడు. నన్ను చూశాడు, తొట్టిని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"కాలు ఆపు తల్లీ. నీ కాలు ఊగితే బల్ల ఊగుతోంది, బల్ల ఊగితే తొట్టి ఊగుతోంది. పాపం వాటికి తుఫానొచ్చినట్టుంది."

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసుకి వచ్చినవాడు తన పని చూసుకోవాలి గాని, నా కాలితో ఏం పని? నేను నోరు తెరిచేలోగానే, "బకెట్ ఉందేటి?" అన్నాడు. బాత్రూమ్‌కేమో అనుకుని చూపించాను. ఆయన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం తీశాడు. మనిషి సంచిలో గొట్టం పెట్టుకుని తిరుగుతున్నాడు! దాని చివర, కోసిన నీళ్ళ బాటిల్ మెడ బిగించి ఉంది. బాటిల్ మెడని రాళ్ళలోకి గుచ్చి, గొట్టం రెండో కొసని బకెట్లోకి దించాడు. రాళ్ళు బాటిల్ మెడలో బొంగరాల్లా తిరిగాయి. వాటి మధ్య దాక్కున్న మురికి పొగలా లేచి గొట్టంలోకి పోయింది. రాళ్ళు మరీ పైకొస్తుంటే ఆయన గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కేవాడు. టపటపమని అవి కిందికి రాలిపోయేవి. మళ్ళీ వదలడం, మళ్ళీ నొక్కడం. నేను నా పని మానేసి అదే చూస్తూ ఉండిపోయాను. నా కాలు ఎప్పుడాగిందో నాకే తెలియలేదు.

ఓ మూల శుభ్రం చేసి గొట్టం చుట్టేశాడు.

"మిగతాది?" అన్నాను.

"బస్. ఇవాల్టికి ఒగ్గీ. ఇంకో మూల వచ్చే వారం."

ఒగ్గీ అంటే వదిలేయ్ అని. ఆయన నోట్లో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే మాట అది. సంతకం ఆ రోజే అయిపోయింది. అయినా తరవాత మూడు వారాలు, వారానికో మూల చొప్పున వచ్చి శుభ్రం చేసి వెళ్ళాడు. మా ప్యూన్ ఆయన ఏదో డిపార్ట్‌మెంట్ నుంచి వస్తున్నాడనుకుని లేచి నిలబడేవాడు.

అంతా ఒకేసారి ఎందుకు కడగవని నాలుగోవారం అడిగాను. అప్పుడు చెప్పాడు. "రాళ్ళ మధ్యనున్న మురికి వేరు, రాళ్ళకి పట్టిన పాసి వేరు తల్లీ. ఆ పాసిలో కంటికి ఆనని పురుగులుంటాయి. చేప ఒంట్లోంచి వచ్చిన విషాన్ని అవే తినేస్తాయి. మా బోటెక్కిన ఫిషరీస్ సాబ్ ఒకడు చెప్పేడు. నాకు ముందు తెల్దు కదా, మొట్టమొదటి తొట్టిని డెక్కు కడిగినట్టు బ్లీచింగేసి కడిగేసేను. ఎకదమ్ సాఫ్! మూడో రోజుకి అన్నీ బోర్లా."

బోర్లా అంటూ అరచెయ్యి తిప్పి చూపించాడు. ఆయన అరచెయ్యి ఎప్పుడూ కొద్దిగా తడిగానే ఉండేది.

పరామర్శకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఆయన ముందు చూసేది ఆ ఇంట్లో తొట్టి ఉందా అని. ఉంటే నాలుగు రాళ్ళు చేతిలోకి తీసుకుని వాసన చూసేవాడు. ఇంటివాళ్ళు కంగారుపడేవారు. హాడోలో ఒకరింట్లో తొట్టి నిండా పగడపు ముక్కలూ గవ్వలూ పేర్చి, ఎంత బాగుందో చూడండి అన్నారు. ఆయన బాగుందనలేదు. చేపలు మంచినీటివి, వాటికి ఆ సున్నం పడదు, పైగా ఒడ్డున పగడాలు ఏరడమే తప్పు అని చెప్పి, ఒక్కొక్కటీ తీసి రుమాల్లో మూటకట్టాడు. అక్కణ్ణుంచి జెట్టీ దాకా నడిచి నీళ్ళలో విడిచి వచ్చాడు. "దాని ఇంటికి అది ఎల్లిపోయింది" అన్నాడు. ఆ ఇంటామె ఓ ఏడాది ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం వారం తప్పకుండా వెళ్ళి ఆ తొట్టి మూల శుభ్రం చేసేవాడు, ఆమె మొహం తిప్పుకుని టీ ఇచ్చేది.

నాకు తొట్టి పెట్టించింది కూడా ఆయనే. ఆ ఏడాది మా ఆయనకి దీవుల దక్షిణపు కొసన ఉన్న క్యాంప్‌బెల్ బేకి బదిలీ. రావాలంటే ఓడ కుదరాలి, సముద్రం కుదరాలి. నేను క్వార్టర్‌లో ఒక్కదాన్నే కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కడిగిన గిన్నెలే కడిగేదాన్ని. బాబాయి ఒకసారి వచ్చి, మా ఇంటిగచ్చు చూసి, "ఇలాగ రుద్దితే సిమెంటు కూడా ఏడుస్తాది" అన్నాడు. మర్నాడు ఒక గాజు తొట్టి, రెండు చేపలు, ఒక స్టీలు గ్లాసు పట్టుకొచ్చాడు. గ్లాసు నిండా తన తొట్టిలోని రాళ్ళు, మురికితో సహా.

"ఇదేంటి బాబాయి, కొత్త తొట్టిలో ఈ మురికేంటి?"

"పాలల్లో పెరుగుచుక్క ఎయ్యవా? ఇదీ అంతే. ఇది పడితేనే నీ కొత్త రాళ్ళకి పాసి పడతాది."

ఆ రాళ్ళు వంశధారవి. ఎప్పుడో ఊరెళ్ళినప్పుడు సిమెంటు సంచిలో పోసుకుని ఓడలో తెచ్చుకున్నాడట. ఆయన గ్లాసు వెళ్ళని తొట్టి మా వీధుల్లో తక్కువ.

తన తొట్టి బతు బస్తీలో, ఆయన ఇంటి ముందుగదిలో ఉండేది. ఆదివారాలు అక్కడికి వెళ్ళడం నాకు అలవాటైంది. తొట్టి అంచుకి ఒక బట్టల క్లిప్పు పెట్టేవాడు. ఈ వారం ఏ మూల వంతో ఆ మూల మీద క్లిప్పు. పనయ్యాక దాన్ని తీసి పక్క మూలకి పెట్టేవాడు. గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు ఆయన భార్య, మా పిన్ని, పెంచే మిరపమొక్కలకి. తొట్టిలోకి మూడు రోజులు డ్రమ్ములో నిలవున్న నీళ్ళు. కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యనిచ్చేవాడు కాదు, మందు వాసన పోవాలనేవాడు. తొట్టిలో మూడు గోల్డ్ ఫిష్‌లు. అందులో పెద్దదానికి ఎడమ బుగ్గ మీద నల్లమచ్చ. మచ్చోడు అనేవాడు. మచ్చోడు ఆయన వేలు ఎటు కదిపితే అటు తిరిగేవాడు.

అబద్ధం సంగతి ఇప్పుడు చెప్పాలి. మూడోసారి లేచి వచ్చాను, ఇక తప్పదు.

ఆయనకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. చెన్నై వెళ్ళాలి, పిన్ని కూడా వెంట వెళ్ళాలి, నెల్లాళ్ళు పడుతుంది. ఇంటి తాళం నాకు ఇచ్చాడు.

"రోజూ చిటికెడు మేత. నీళ్ళొచ్చిన రోజు డ్రమ్ములు పట్టు. రాళ్ళ జోలికి మాత్రం ఎల్లకు. నెల్లాళ్ళు ఒగ్గేసినా వాటికేటీ అవ్వదు."

"వారానికో మూల చేస్తాలే బాబాయి, నాకూ వచ్చు కదా."

"నీకు చెయ్యడం వచ్చు తల్లీ. ఆపడం రాదు."

పిన్ని నవ్వింది. నాకు మనసు చివుక్కుమంది. అయినా తలూపాను.

ఎండాకాలం. మూడు రోజులకోసారి నీళ్ళు. మా ఊళ్ళో నీళ్ళొచ్చిన రోజంటే ఏమిటో బయటివాళ్ళకి తెలియదు. ఆ గంటన్నరలో బట్టలు, దుప్పట్లు, గచ్చు, తల, అన్నీ ఒకేసారి కడిగెయ్యాల్సిందే. కుళాయి కారుతుంటే చేతులు ముడుచుకుని నిలబడినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. పదకొండో రోజు అనుకుంటాను, ఆయన ఇంట్లో డ్రమ్ములన్నీ నిండిపోయాయి. బకెట్లు, గిన్నెలు, చెంబులు నిండిపోయాయి. కుళాయి ఇంకా వస్తూనే ఉంది. తొట్టి గాజు వెంబడి రాళ్ళలో ఒక నల్లటి గీత కనపడింది. కొంచెమే. ఆ ఒక్క గీత తీసేస్తే చాలనుకున్నాను.

గంట తరవాత చూస్తే తొట్టి ఖాళీగా ఉంది. చేపలు బకెట్లో ఉన్నాయి. రాళ్ళన్నీ తప్పేలాలో, కుళాయి కింద. నేను రెండు చేతులతో రుద్దుతున్నాను. ఫిల్టర్ స్పాంజి కూడా పిండేశాను. రాళ్ళు తెల్లగా, ఎర్రగా, పసుపుగా, ఆయన సిమెంటు సంచిలో తెచ్చిన రోజు ఎలా ఉండేవో అలా మెరిశాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అన్నీ సర్ది, కుళాయి నీళ్ళతోనే నింపేశాను. ఆయన మాట ఒక్కటీ గుర్తురాలేదంటే నమ్ముతారా? గుర్తొచ్చింది. గుర్తొచ్చినా చేతులు ఆగలేదు.

మర్నాటికి నీళ్ళు పాలలా మారాయి. ఆ మర్నాడు మూడూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. డ్రమ్ము నీళ్ళలోకి మార్చాను, రెండు చిన్నవి తేరుకున్నాయి. మూడో రోజు పొద్దున వెళ్ళేసరికి మచ్చోడు పక్కకి వాలి తేలుతున్నాడు. మిరపమొక్క మొదట్లో గొయ్యి తీసి పూడ్చి, చేతికి మట్టితో లేచి నిలబడ్డానో లేదో ఫోన్ మోగింది. పిన్ని ఫోన్. మాట్లాడింది ఆయన.

"ఇంకో గంటలో లోపలికి తీసుకెల్తారట. మచ్చోడు తిన్నాడా?"

గంటలో గుండె కోయించుకోబోయే మనిషితో ఏమనను?

"తిన్నాడు బాబాయి."

"శభాష్" అన్నాడు. అదే నా అబద్ధం. ఇంత చిన్నదే.

తరవాత రెండు వారాలు అబర్దీన్ బజార్ చేపల కొట్టు చుట్టూ తిరిగాను. ఫోన్‌లో మచ్చోడి ఫోటో చూపిస్తుంటే కొట్టతను విస్తుపోయాడు. "దీదీ, మచ్ఛీ కా ఫోటో లేకే కౌన్ ఘూమ్తా హై?" అన్నాడు. చేప ఫోటో పట్టుకుని ఎవరు తిరుగుతారట! తిరిగేది నేనే మరి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చే ప్రతి పార్సిల్‌కీ వెళ్ళి నిలబడ్డాను. చివరికి అదే సైజు, అదే రంగు, అలాంటి నల్లమచ్చ ఉన్నదే ఒకటి దొరికింది. కాకపోతే మచ్చ కుడి బుగ్గ మీద. ఒక్కసారి ఒక పక్కే కదా కనపడేది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రాళ్ళు మళ్ళీ మురికి పట్టాలని కాస్త మేత ఎక్కువేశాను కూడా. రెండు చేతులా తోమినదాన్నే, ఇప్పుడు మురికి పట్టలేదేమా అని గాజుకి కళ్ళానించి చూస్తూ కూర్చున్నాను!

ఆయన తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. ఛాతీకి దిండు అదిమిపట్టుకుని, నేరుగా తొట్టి ముందు పీట మీద కూర్చున్నాడు. నేను వెనకాల నిలబడి చున్నీ కొస మెలితిప్పుతున్నాను.

"రాళ్ళు పళ్ళు తోముకున్నట్టున్నాయేటి?"

"అదే... పైపైన కొంచెం..."

"మ్."

చేప ముందుకొచ్చింది. ఆయన వేలు అటూ ఇటూ కదిపాడు. అది పట్టించుకోలేదు.

"మచ్చోడు అటు తిరిగేడేటి" అన్నాడు.

నేను గట్టిగా నవ్వాను. అవసరానికి మించి నవ్వాను. ఆయన నమ్మాడనుకున్నాను, నమ్మాడని అనుకోవాలని అనుకున్నాను.

పది రోజుల తరవాత మా క్వార్టర్‌కి వచ్చాడు. మెట్లెక్కొద్దని డాక్టర్లు చెప్పినా రెండంతస్తులు ఎక్కి, గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్నాడు. చేతిలో స్టీలు గ్లాసు.

"నీ తొట్టిలో రాళ్ళు బాగున్నాయి. ఒక గ్లాసుడు మురికి రాళ్ళు ఇయ్యి."

అవి ఆయనిచ్చిన రాళ్ళే. గ్లాసు నింపుతూ, "బాబాయి, ఆ చేప..." అన్నాను.

"మచ్చోడు బాగున్నాడు. టీ పెట్టు" అన్నాడు.

టీ పెట్టాను. ఆ తరవాత రెండేళ్ళలో నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. చక్కెర తక్కువైందనో, గొట్టం పట్టుకోమనో అనేవాడు. ఆయనే అడ్డుపడ్డాడో, నేనే అడ్డు కోసం చూశానో తెలియదు. ఒక గురువారం పొద్దున పీట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పదకొండో రోజు ఆదివారం. భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళలో సగంమంది తొట్టి ఉన్న ఇళ్ళవాళ్ళే. మొహం తిప్పుకునే హాడో ఆవిడ అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. వాళ్ళంతా వెళ్ళాక పిన్ని నన్ను ముందుగదిలో తొట్టి దగ్గరికి పిలిచింది.

"దీన్ని నువ్వు పట్టుకెల్లిపో. ఆయన నేకుండా దీన్ని చూళ్ళేను."

నావల్ల కాలేదు. నిలబడలేక, కూర్చోలేక, గుమ్మం పట్టుకుని మొత్తం చెప్పేశాను. నీళ్ళొచ్చిన రోజు, తప్పేలా, కుళాయి, మిరపమొక్క, ఫోను, అన్నీ. "ఎడమ బుగ్గ మీద మచ్చున్న ఆయన చేపని నేనే చంపాను పిన్నీ. ఆపరేషన్‌కి వెళ్ళే మనిషికి అబద్ధం చెప్పాను."

పిన్ని నన్ను విచిత్రంగా చూసింది.

"ఎడం బుగ్గ మీద మచ్చున్నదా?"

"అవును."

"ఓలమ్మో. అది ఆయన చేప కాదే. నేను కొన్నది."

నాకు అర్థం కాలేదు. పిన్ని పీట మీద కూలబడింది.

"ఆయన నౌకరీలో ఉన్నప్పుడు మాట. పది రోజులు బోటు మీద ఎల్లేరు. నీళ్ళొచ్చిన రోజు డ్రమ్ములన్నీ నిండిపోయేయి, ఇంకా వస్తన్నాయి. ఊరుకోలేక రాళ్ళన్నీ కడిగి పారేసేను. పెద్ద చేప పోయింది. దానికి అసలు మచ్చే నేదు. దొర అని పిలిచేవారు దాన్ని. బజారంతా తిరిగినా మచ్చ నేనిది దొరకనేదు, సరే అని మచ్చున్నదే తెచ్చి ఏసేను. ఆయన వచ్చి చూసి, 'ఓహో, మచ్చోడా' అన్నారు. అంతే. ఆ రోజు నుంచీ దొర అన్న పేరు మళ్ళీ ఎత్తనేదు. నేనూ ఇన్నేళ్ళూ చెప్పనేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిన్నికి ముందు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. లోపలిగదిలోంచి చుట్టాలు తొంగిచూశారు. నాకు మాత్రం కోపం వచ్చింది. చెప్తున్నాను కదా, నిజంగా కోపమే వచ్చింది. తెలిసి కూడా ఊరుకున్నాడే! రెండేళ్ళు నన్ను అలా మెలికలు తిరగనిచ్చి, టీ పెట్టు, టీ పెట్టు అని! ఆ కోపం ఎంతసేపో నిలవలేదు. రెండంతస్తుల మెట్లెక్కి, గుమ్మంలో గ్లాసు పట్టుకుని ఆయాసపడుతున్న మనిషి కళ్ళముందుకి వచ్చాడు.

చేప గాజు దగ్గరికి వచ్చి, కుడి బుగ్గ మచ్చ చూపించి, వెనక్కి తిరిగింది. తొట్టి అంచున బట్టల క్లిప్పు ఎడమవైపు వెనక మూల మీద ఉంది.

"పోయిన ఆదివారం చెయ్యనేదు కదా" అంది పిన్ని.

గొట్టం ఆయన సంచిలోనే ఉంది. బాటిల్ మెడని ఆ మూల గుచ్చాను. పిన్ని బకెట్ పట్టుకుంది. రాళ్ళు లేచాయి, మురికి గొట్టంలోకి పోయింది, వేళ్ళతో నొక్కితే రాళ్ళు టపటపమని రాలాయి. ఆ మూల అయిపోయింది. పక్క మూలలో మురికి నాకు కనపడుతూనే ఉంది. గొట్టం నీళ్ళలోనే ఉంది, చేతులు దాని మీదే ఉన్నాయి. పిన్ని నా చేతుల వంకే చూస్తోంది.

గొట్టం పైకి తీసేశాను.

పిన్ని క్లిప్పు తీసి పక్క మూలకి పెట్టింది. "తొట్టి ఇక్కడే ఉండనీలే. వచ్చే ఆదివారం రా" అంది. బకెట్ నీళ్ళు మిరపమొక్కలకి పోసి వచ్చి, ఆయన పీట పక్కన కిందే కూర్చున్నాను. చుట్టాలు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఎవరో టీ ఇచ్చారు. ఎండ గుమ్మం దాటి వెళ్ళేదాకా నేను లేవలేదు.